గ్రామ లెక్కలలో గుర్తులు, రాశులు, వంతులు

పల్లెటూరి పెద్దలకు అంకెలతో పరిచయము చేయింపవలెనని నేను సాహసింపను. పుట్టికి ఇరువది తూములనియు, తూమునకు నాలుగు కుంచములనియు బడికి పోకపూర్వమే ఎరిగినవారు మన పెద్దలు. వడ్డీ లెక్క, కౌలు లెక్క, కూలి లెక్క వారు నోటితోనే తేల్చగలరు. కాని కూడికకు పూర్వము అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. కాగితముపై నున్న ఈ అంకె ఏ జాతికి చెందినది? దీనిని కూడవచ్చునా, కూడరాదా? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము దొరకక రైతులు అధికముగ శిస్తు చెల్లించిన సందర్భములు ఉండవచ్చును. గొప్ప పండితులు పత్రికలలో తగవులాడిన సందర్భములు నిశ్చయముగ ఉన్నవి. మన దేశమున ఈ ప్రశ్న శిస్తు లెక్కలతోపాటు పెరిగినది. కావున ఆ చరిత్రతోనే ప్రారంభించెదను.

పూర్వపు కరణముగారి అడంగలు పుట ఒకటి మనస్సునకు తెచ్చుకొనుడు. దానిలో సర్వే నంబరు ఒక గడిలో నుండును. విస్తీర్ణము ఎకరములు సెంట్లలో మరియొక గడిలో నుండును. శిస్తు రూపాయలలో నుండును. పుటపై ఫసలీ సంఖ్య యుండును. సెటిల్మెంటు రిజిస్టరు తెరచినచో వీనితోపాటు భూమి తరము, ఎకరమునకు శిస్తు రేటు కూడ కనబడును. అన్నియు అంకెలే. అయినను పుట అడుగున మొత్తము వేయునపుడు కరణము విస్తీర్ణమును కూడును, శిస్తును కూడును. సర్వే నంబర్లను ఎన్నడును కూడడు. 112వ నంబరును 113వ నంబరును కూడినచో 225 వచ్చును. కాని ఆ 225 మరియొకరి చేను! తరములను కూడడు. ఫసలీలను కూడడు. ఎకరపు రేట్లను కూడ కూడడు. ఎవరును వివరించి చెప్పకపోయినను తరతరములుగ కరణములు ఈ భేదమును పాటించిరి.

ఈ అంకెలను నేను మూడు జాతులుగ విభజించెదను. మొదటిది గుర్తు. సర్వే నంబరు, పట్టా నంబరు, తరము ఈ జాతివి. ఇవి అంకెల వేషము వేసికొన్న పేర్లు. వీనిని బట్టి భూములను విడివిడిగ పేర్చవచ్చును. వీనిని కూడుట వ్యర్థము. రెండవది రాశి. ఎకరములు, బస్తాలు, రూపాయలు, తలలు ఈ జాతివి. వీనిని ఎంతవరకైనను కూడుకొని పోవచ్చును. చేను మొదలు జిల్లావరకు మొత్తము తప్పదు. మూడవది వంతు. ఎకరమునకు ఇంత, నూటికి ఇంత, వేయికి ఇంత అని ఒక రాశిని మరియొక రాశితో భాగించి పుట్టించినది. చిక్కంతయు ఈ మూడవ జాతితోనే వచ్చును. వంతు చూచుటకు రాశివలె నుండును గాని కూడికకు లొంగదు. ఒక్కొక్కప్పుడు అదియే గుర్తుగ మారి తరమును నిర్ణయించును.

ఫసలీని గూర్చి ఒక్క మాట. ఫసలీ 1359 అనగా 1949 జూలై మొదలు 1950 జూన్ వరకు గల సంవత్సరము. ఫసలీకి 590 చేర్చినచో క్రీస్తు శకము వచ్చును. రెండు ఫసలీలను కూడుటకు అర్థము లేదు. కాని ఒకదానినుండి మరియొకటి తీసివేసినచో ఎన్ని సంవత్సరములు గడచినవో తెలియును. అది నిక్కమైన రాశి. గుర్తునుండి రాశి పుట్టుటకు ఇది చక్కని ఉదాహరణము.

ఇక చరిత్రకు వత్తము. 1800వ సంవత్సరమున నిజాము ప్రభువు బళ్ళారి, కడప మొదలగు సీమలను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చివేసెను. వానికే దత్తమండలములని పేరు. అక్కడ ప్రధాన కలెక్టరుగ థామస్ మన్రో నియమింపబడి 1807 వరకు పనిచేసెను. 1802లో అతడు ఆ సీమలందు భూముల కొలత ప్రారంభించెను. కొలతగాండ్రకు 33 అడుగుల గొలుసు నిచ్చిరి. ఆ గొలుసుతో కొలిచిన చదరములు నలువది అయినచో ఒక ఎకరము. తెలంగాణమున నేటికిని ఎకరమునకు నలువది గుంటలని లెక్కించుట మీరెరుగుదురు. గుంట యనగా 121 చదరపు గజములు. 33 అడుగుల చదరము సరిగ అంతియే. ఏలుబడులు వేరైనను నేల కొలత ఒక్కటిగ నిలిచినది.

కొలతగాండ్రు పోయినపిదప భూమిని తరములుగ ఏర్పరచువారు వచ్చిరి. గ్రామ పెద్దలను, కరణములను, రైతులను వెంటనుంచుకొని ఏ చేను ఏ తరమునకు చెందునో వ్రాసికొనిరి. శిస్తు నిర్ణయము మాత్రము పైనుండి క్రిందికి వచ్చెను. గతకాలపు వసూళ్ళను పరిశీలించి సీమకు మొత్త మింతయని కలెక్టరు తేల్చును. అది గ్రామములకు పంచబడును. గ్రామపు వంతు చేలకు పంచబడును. అనగా మొదట రాశి, పిదప వంతు. పైన వేసిన మొత్తము బరువైనచో ప్రతి చేనిపైనను ఆ బరువు పడకతప్పదు. ఈ శిస్తు అధికమని మన్రోయే గుర్తించి 1807లో పై అధికారులకు తగ్గింపు సిఫారసు చేసెను. భూములన్నిటికిని నూటికి 25 తగ్గింపవలెననియు, బావులవలనను, ఏళ్ళనుండి వాగులనుండి నీరు తోడుకొనుటవలనను సాగగు భూములకు మరి 8 చేర్చి నూటికి 33 తగ్గింపవలెననియు అతని సూచన. ఆ సూచన వెంటనే అమలు కాలేదు. గ్రామములను కొన్నాళ్ళపాటు గుత్తలకిచ్చిరి. మన్రో చెన్నపట్టణమునకు గవర్నరై 1820లో వచ్చినపిదపనే రైతువారీ పద్ధతి మరల నెలకొని తగ్గింపులు లభించెను.

ఇక్కడ ఆగి ఒక లెక్క వేయుదము. ఒక గ్రామమున మామూలు భూములపై 800 రూపాయలు, బావుల క్రింది భూములపై 200 రూపాయలు శిస్తు ఉన్నదనుకొందము. తగ్గింపు పిదప ఆ గ్రామమునకు నూటికి ఎంత లాభించెను? తొందరపాటు గలవాడు 25ను 33ను కూడి 58 అనును. కొంచెము తెలివిగలవాడు రెంటిని కూడి సగముచేసి 29 అనును. ఇద్దరును తప్పిరి. 800లో నాలుగవ వంతు 200; 200లో నూటికి 33 చొప్పున 66; వెరసి వేయికి 266. అనగా నూటికి 26.6. పొరుగూరిలో బావుల భూమిపై 800, తక్కినదానిపై 200 ఉన్నదనుకొనుడు. అప్పుడు తగ్గింపు 264, 50, వెరసి 314, నూటికి 31.4. రేట్లు అవియే, తగ్గింపులు అవియే. ఊరి పాళ్ళు మారినంతనే జవాబు మారినది. వంతులోపల ఎప్పుడును ఒక పాలు దాగియుండును. ఆ పాలు చూడక వంతును కూడరాదు.

మన్రో 1827లో పత్తికొండయొద్ద విషూచి తగిలి మరణించెను. అతని పిదప ముప్పది ఏండ్లకు, 1858 ప్రాంతమున, చెన్నరాజధానియందు నూతన పద్ధతిని సర్వే సెటిల్మెంటులు మొదలయ్యెను. ఈసారి లెక్క క్రిందినుండి పైకి నడచెను. నల్లరేగడి, ఎర్రనేల, ఇసుకపాలు గల నేల అని మట్టిని విభజించిరి. పంటను కోయించి కొలిచి, ఎకరమునకు ఎంత ధాన్యము పండునో అంచనా కట్టిరి. ఆ ధాన్యమునకు ధర కట్టి, సాగు ఖర్చులు తీసివేసి, మిగిలిన నికరాదాయములో సగము మించకుండ శిస్తు రేటు నిర్ణయించిరి. ఆ రేట్లను వరుసగ పేర్చి ఒక్కొక్కదానికి ఒక్కొక్క తరము పేరు పెట్టిరి. ముప్పది ఏండ్లవరకు ఆ రేట్లు మార్పులేక నడచెను.

దీనిని కొంచెము నిదానముగ పరికింపుడు. ఎకరమునకు ధాన్యమెంత, ధరయెంత, ఖర్చెంత యని గుణించి, తీసివేసి, భాగించి పుట్టించిన వంతు ఒకటి కలదు. అది చివరకు మూడవ తరము, నాలుగవ తరము అను గుర్తుగ మారెను. లెక్కవలన పుట్టినది పేరై కూర్చున్నది! అట్లు పేరైనపిదప దానిని కూడుట తగదు. కాని దానిని బట్టి భూములను పేర్చి, ఏ తరమున ఎన్ని ఎకరములున్నవని అడుగవచ్చును. ఇక్కడ ముఖ్యమైన నియమము ఒకటి కలదు. తరమును ప్రతి చేనికిని విడివిడిగ, మొత్తములు వేయకమునుపే నిర్ణయింపవలెను. ఊరి భూమినంతటిని కలిపి, సగటు దిగుబడి కట్టి, ఊరికంతకును ఒకే తరము వేసినచో నల్లరేగడివానికి లాభము, చవుడునేలవానికి నాశనము. ఒకసారి కలిపివేసిన నేలను మొత్తమునుండి మరల విడదీయుట ఎవరి తరమును కాదు.

ఇందుకు వ్యతిరేకమైన సందర్భము కూడ కలదు. ఊరిలో సగటున ఎకరమునకు శిస్తు ఎంతయని ఒక అధికారి అడిగెననుకొందము. మాగాణి 100 ఎకరములు, ఎకరమునకు 6 రూపాయలు; మెట్ట 900 ఎకరములు, ఎకరమునకు 1 రూపాయి అనుకొనుడు. రెండు రేట్లను కూడి సగము చేసినచో మూడున్నర రూపాయలు వచ్చును. ఆ సగటుతో వేయి ఎకరములను గుణించినచో 3,500 రూపాయలు. నిజమైన శిస్తు మాగాణికి 600, మెట్టకు 900, వెరసి 1,500 మాత్రమే. సరియైన సగటు రూపాయిన్నర. అనగా ఈ సగటును చేలకడ గాక మొత్తములకడ కట్టవలెను. ముందు రూపాయలన్నియు కూడవలెను, ఎకరములన్నియు కూడవలెను, ఆ పిదపనే భాగింపవలెను. ముందు భాగించి పిదప కూడినచో లేని రెండువేల రూపాయలు కాగితముపై మొలచును. కాగితముపై మొలచినది వసూలునకు రాకమానదని పెద్దలకు నేను చెప్పనక్కరలేదు.

ధరల లెక్కలో ఈ చిక్కు మరింత గూఢముగ నుండెను. ధాన్యమునకు ధర కట్టుటకు సెటిల్మెంటువారు ఇరువది ఏండ్ల ధరల సగటు తీసిరి. కరవు సంవత్సరములను మాత్రము విడిచిరి. విడువకున్నచో ఏమగునో చూడుడు. మంచి ఏట రైతు 20 బస్తాలు, బస్తా 4 రూపాయల చొప్పున అమ్మెననుకొందము. 80 రూపాయలు వచ్చినవి. కరవు ఏట 5 బస్తాలు, బస్తా 10 రూపాయల చొప్పున అమ్మెను. 50 రూపాయలు వచ్చినవి. రెండు ధరల సగటు 7 రూపాయలు. కాని రైతు చేతికి వచ్చినది 25 బస్తాలకు 130 రూపాయలు, అనగా బస్తాకు 5 రూపాయల 20 పైసలే. ధర అధికముగ నున్న ఏట అమ్ముటకు ధాన్యము లేదు. ధాన్యమున్న ఏట ధర లేదు. ధరలను మాత్రమే కూడినచో రైతు ఎన్నడును చూడని సొమ్మును అతని ఆదాయముగ వ్రాసినట్లగును. కరవు ధరలను విడుచుట కొంతవరకు ఈ అన్యాయమును తప్పించెను. పూర్తిగ తప్పింపవలెనన్నచో ధరతోపాటు అమ్మిన బస్తాలను కూడ లెక్కలోనికి తీసికొనవలెను.

ఇట్టి చిక్కులు పల్లెటూరి లెక్కలకు మాత్రమే పరిమితములని తలంపరాదు. శిస్తు లెక్కనుండి ప్రాణముల లెక్కకు పోయినచో అచటను ఇదియే కథ. ఇంగ్లండులో గణాంక విద్యయందు మిక్కిలి పేరొందిన విలియం ఫార్ అను పండితుడు జనన మరణముల రిజిస్ట్రారు జనరలు కార్యాలయమున పనిచేసెను. క్రిమియా యుద్ధమున గాయపడిన సైనికులకు పరిచర్య చేసి లోకప్రసిద్ధి గాంచిన ఫ్లారెన్స్ నైటింగేల్ 1863లో ఆసుపత్రులను గూర్చిన తన గ్రంథమును మూడవసారి ముద్రించినపుడు ఫార్ కట్టిన ఒక పట్టికను అందు చేర్చెను. దానిలో ఇంగ్లండులోని 106 ప్రధానమైన ఆసుపత్రుల మరణముల లెక్క కలదు. 1861 ఏప్రిల్ 8వ తేదీన ఆసుపత్రులలో నున్న రోగులెందరు, ఆ సంవత్సరమున అక్కడ మరణించినవారెందరు, నూటికి ఎందరు అనునదే ఆ పట్టిక.

లండను నగరపు 24 ఆసుపత్రులలో ఆ దినమున 4,214 మంది రోగులు, సంవత్సరమున 3,828 మరణములు, నూటికి 90.84. పెద్ద పట్టణములలోని 12 ఆసుపత్రులలో 1,870 మంది, 1,555 మరణములు, నూటికి 83.16. జిల్లాల ముఖ్య ఆసుపత్రులు 25, రోగులు 2,248, మరణములు 886, నూటికి 39.41. ఇట్లు ఏడు తరగతులు వ్రాసి, చివర మొత్తము 12,709 మంది రోగులకు 7,227 మరణములు, నూటికి 56.87 అని చూపెను. ఈ చివరి అంకెను ఫార్ సరియైన మార్గముననే కట్టెను. ఏడు తరగతుల వంతులను కూడి ఏడింట భాగించినచో నూటికి 42 మాత్రమే వచ్చెడిది. ఏలనన నూరు, నూటముప్పది మంది రోగులు గల చిన్న ఆసుపత్రులకును, నాలుగువేల మంది గల లండనునకును ఆ సగటులో సమానమైన పీట దొరికెడిది. అతడట్లు చేయలేదు. రోగులను కూడెను, మరణములను కూడెను, పిదప భాగించెను.

అయినను వైద్యులు కోపముతో లేచిరి. లండను ఆసుపత్రిలో చేరిన నూరుమందిలో తొంబదిమంది మరణింతురా యని ప్రశ్నించిరి. వారి ఆక్షేపణ కూడికను గూర్చి కాదు, భాజకమును గూర్చినది. ఒక పడక యున్నదనుకొందము. దానిపై సంవత్సరము పొడుగున ఒకరి తరువాత ఒకరుగ పదిమంది రోగులు పరుండి లేచిరి. అందొకరు మరణించిరి. ఒక దినమున ఆ పడకపై నున్నవాడు ఒక్కడే. కావున ఫార్ లెక్కలో నూటికి నూరు. చికిత్స పొందినవారు పదిమంది. కావున వైద్యుల లెక్కలో నూటికి పది. మరణించిన వాడొక్కడే, పడక యొక్కటియే. ఫార్ లెక్క పడకకు ఏటికి ఎన్ని మరణములని చెప్పును. వైద్యుల లెక్క రోగికి ఎంత అపాయమని చెప్పును. రెండును దేనికది సత్యమే. కాని నూటికి ఇంత మరణమని మాత్రమే వ్రాసి, నూరు అనగా ఏ నూరో చదువరి మనస్సునకు ఎక్కునట్లు చెప్పకున్నచో, ఆసుపత్రికి పోవలసిన పేదవాడు భయపడి ఇంటనే ప్రాణములు విడువవచ్చును. అంతటి బరువు ఒక్క భాజకముపై నున్నది.

అదే 1863లో భారతదేశమందలి ఇంగ్లీషు సైన్యపు ఆరోగ్యమును గూర్చిన రాజసంఘపు నివేదిక వెలువడెను. దానికొరకును నైటింగేల్ మిక్కిలి శ్రమించెను. ఇక్కడి సైనికులలో ఏటికి వేయికి 69 మంది మరణించుచున్నారని ఆ నివేదిక తేల్చెను. ఇక్కడ సైన్యపు సగటు బలమును భాజకముగ తీసికొనుటలో దోషము లేదు. సైనికుడు రోగివలె పదినాళ్ళుండి పోవువాడు కాడు, ఏడాది పొడుగున పటాలమున నుండువాడు. మంచినీరు, మురుగు కాలువలు, బారకాసుల గాలి వెలుతురులు బాగుపడినపిదప పదేండ్లలో ఆ అంకె వేయికి 18కి దిగెనని ఆమె వ్రాసెను. ఒకచోట తగవులు తెచ్చిన పద్ధతియే మరియొకచోట ప్రాణములు కాపాడినది. పద్ధతి మంచిచెడ్డలు దేనిని దేనితో భాగించుచున్నామో దానిపై ఆధారపడియుండును.

ఇక జనాభా లెక్కలకు వత్తము. మన దేశమంతట ఒకే కాలమున జనులను లెక్కించుట 1881 ఫిబ్రవరి 17వ తేదీన ప్రారంభమయ్యెను. ఆ లెక్కలలో వయస్సు అను గడి వింతయైనది. వయస్సులను కూడి జనుల సంఖ్యతో భాగించినచో సగటు వయస్సు వచ్చును, అప్పుడది రాశి. అయిదేండ్ల లోపువారు, అయిదునుండి తొమ్మిదివరకు అని పేర్చినచో అది గుర్తు. ఒకే అంకె అడిగిన ప్రశ్నను బట్టి రెండు పనులును చేయును. మనవారు వయస్సు చెప్పునపుడు ముప్పది, ముప్పదియైదు, నలువది అని గుండ్రముగ చెప్పుట అలవాటు. అందుచేత ఒక్కొక్క ఏటి అంకెను నమ్ముటకు వీలులేక గణికులు అయిదేసి ఏండ్ల తరగతులు కట్టిరి. రాశిగ నమ్మరాని అంకె గుర్తుగ ఉపయోగపడిన సందర్భమిది.

వేయిమంది పురుషులకు స్త్రీలెందరు అను వంతును కూడ ఆ లెక్కలలో చూతురు. 2011 లెక్కల ప్రకారము పిమ్మట తెలంగాణ రాష్ట్రమైన జిల్లాలలో ఆ వంతు 988. తక్కిన ఆంధ్ర జిల్లాలలో 997. రెండును కలిసియున్న నాటి ఆంధ్రప్రదేశ్ మొత్తమునకు 993. కూడి 1,985 అనువాడు లేడు గదా! రెంటి సగటు తీసినచో 992న్నర వచ్చి నిజమునకు మిక్కిలి దగ్గరగ నుండును. కాని ఇది రెండు భాగముల జనసంఖ్యలు మరీ దూరము కాకపోవుటవలనను, రెండు వంతులు దగ్గరగ నుండుటవలనను కలిగినది. తప్పు దారిలో పోయినవాడు ఒకసారి ఊరు చేరినచో రెండవసారియు ఆ దారినే పట్టును. కావున ఇట్టి యాదృచ్ఛికమైన ఒప్పు తప్పుకంటె ప్రమాదకరము. అక్షరాస్యత విషయమున కూడ ఇట్లే జాగ్రత్త వలయును. 1991 మొదలు ఏడేండ్లు నిండిన వారినే భాజకముగ తీసికొనుచున్నారు. పసిబిడ్డలను నిరక్షరాస్యులుగ లెక్కించుట న్యాయము కాదు గదా. పాత లెక్కలతో పోల్చునపుడు ఈ భేదమును మరువరాదు.

ఆంధ్రప్రదేశమున 1984లో కరణముల ఉద్యోగములు రద్దయ్యెను. గ్రామ లెక్కలు నేడు కంప్యూటర్లలోనికి చేరినవి. యంత్రము కూడికలో తప్పదు. కాని దేనిని కూడరాదో దానంతట దానికి తెలియదు. సర్వే నంబర్ల గడిని కూడుమన్నచో క్షణములో కూడి చూపును. అందుచేతనే నివేదికలు కట్టు యంత్రములందు ప్రతి గడిని గూర్చియు, ఇది పేర్చుటకు వాడు వర్గమా, కూడుటకు వాడు కొలతయా అని ముందుగ నిర్ణయించి చెప్పవలసియున్నది. ఉన్న గడులకు చెప్పుట సులభము. లెక్కవేసి కొత్తగ పుట్టించిన గడికి చెప్పుటలోనే వివేకము కావలెను.

ఇందుకు మన రైతుల జీవితమునుండియే ఒక ఉదాహరణము. ఒక హెక్టారు, అనగా సుమారు రెండున్నర ఎకరములలోపు భూమి గలవానిని సన్నకారు రైతు అనియు, దానికి పైన రెండు హెక్టార్లవరకు గలవానిని చిన్నకారు రైతు అనియు అందురు. ఈ పేర్లు విస్తీర్ణమును లెక్కించి పుట్టించిన గుర్తులు. ఒక రైతుకు ఒక ఊరిలో రెండు ఎకరములు, పొరుగూరిలో నాలుగు ఎకరములు ఉన్నవనుకొందము. ఒక్కొక్క ఊరి పట్టా చూచి పేరు పెట్టినచో అతడు ఇక్కడ సన్నకారు, అక్కడ చిన్నకారు. ఇద్దరు రైతులుగ లెక్కకు ఎక్కును. నిజమునకు ఆరు ఎకరముల రైతు ఒక్కడే. రెండు తరగతులలోను చేరనివాడు. కావున ఒక మనిషి చేలన్నియు ముందు కూడవలెను. ఆ పిదప పేరు పెట్టవలెను. అటుపిమ్మట ఆ పేరును బట్టి మండలమున ఎందరున్నారని లెక్కింపవలెను. ఈ వరుస తప్పినచో సహాయము అందవలసినవానికి అందదు, అక్కరలేనివానికి అందును. పైగా మండలమున రైతుల సంఖ్యయే పెరిగి, ఒక్కొక్కరికి వచ్చు వాటా తగ్గును.

ఇంతవరకు చెప్పినదానిని మూడు ప్రశ్నలుగ కూర్చి మీ ముందుంచెదను. లెక్కవలన పుట్టిన అంకె ఏదైనను మీ కంటబడినపుడు మొదట ఇట్లు అడుగుడు: ఇది పేర్చుటకా, తూచుటకా? పేర్చుటకైనచో, తరమువలె, సన్నకారు అను పేరువలె, మొత్తములకు పూర్వమే ఏ చేనికాచేనికి, ఏ మనిషికామనిషికి నిర్ణయించిరో లేదో చూడుడు. తూచుటకైనచో, ఊరి సగటు శిస్తువలె, ముందు పై రాశిని క్రింది రాశిని వేరువేరుగ కూడి పిదప భాగించిరో లేదో చూడుడు. రెండవ ప్రశ్న: భాగించినది దేనితో? పడకతోనా, రోగితోనా? మూడవ ప్రశ్న: ఈ వంతులో దాగియున్న పాలు ఎంత? మాగాణి యెంత, మెట్ట యెంత?

గ్రామ సభలలో నేడు పట్టికలు చదువుదురు, సగటులు చూపుదురు, నూటికి ఇంత యని ప్రకటింతురు. వానిని వినునపుడు పెద్దలు మౌనముగ తల యూపవలసిన పని లేదు. కొలతగాండ్రు గొలుసు పట్టుకొని వచ్చిన దినమున మన పూర్వులు వారి వెంట నడచి, ఇది రేగడి, ఇది చవుడు అని చేను చేనికిని చెప్పిరి. సగటులు పట్టుకొని వచ్చినవారి వెంటను అట్లే నడువవలెను. ఏ చేలను కలిపి ఈ అంకె కట్టిరో చూపుమని అడుగవలెను. అడుగుటకు పెద్ద చదువు అక్కరలేదు. విస్తీర్ణమును కూడి తరమును కూడక విడిచిన పాతకాలపు కరణమునకు తెలిసినంత తెలిసినచో చాలును.